గోడ గడియారం పది నిమిషాలు ముందు

కద్మా, జంషెడ్‌పూర్

2024 ఏప్రిల్ 28

పొద్దున్న పదకొండుకే వీధిలో పురుగు లేదు. లూ గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. అంత ఎండలో చంటిగాడు, మా చెల్లెలి కొడుకు, స్కూటీ ముందు కంప్యూటర్ పెట్టె పెట్టుకుని మాన్‌గో వంతెన దాటి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. పెట్టె మీద మాత్రం తడిపిన గమ్‌ఛా కప్పాడు.

"మావయ్యా, స్పీడు పెంచాను. మార్కులు తగ్గాయి."

సత్తు షర్బత్ ఇచ్చి కూర్చోబెట్టాక కథ చెప్పాడు. పెట్టెలో ఉన్నది రైజెన్ 5 5600ఎక్స్, సెకండ్ హ్యాండ్. మామూలుగా ఒంటి కోరు మీద పని పడితే 4.6 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకే చిప్పు. వీడు ఆరు కోర్లనీ 4.65 దగ్గర బిగించాడు. సినీబెంచ్ ఆర్23 పరీక్షలో ముట్టుకోకముందు 10,900 వచ్చేదట. ఇప్పుడు 10,310.

ముప్పై ఏళ్లు ప్లాంటులో మీటర్ల వైద్యం చేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది తక్కువ. అబద్ధమాడే అంకెల గురించి మాత్రం కొంత తెలుసు. పెట్టె ఇక్కడే ఉంచమన్నాను. వాళ్లింట్లో కరెంటు మాటిమాటికీ పోతుంది.

ఏప్రిల్ 29

చంటిగాడు చెప్పింది నా మాటల్లో రాసుకుంటున్నాను, మరిచిపోకుండా.

మదర్‌బోర్డు సెకనుకు 10 కోట్ల దెబ్బలు వేస్తుంది. అది 100 మెగాహెర్ట్జ్. ప్రాసెసర్ దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసుకుంటుంది. 46.5 అని పెడితే 4,650 మెగాహెర్ట్జ్. ఓవర్‌క్లాకింగ్ అంటే ముఖ్యంగా ఆ గుణకాన్ని పెంచడమే.

ఒక్కో దెబ్బకీ మధ్య ఎంత వ్యవధి? లెక్కేస్తే ఆ కాస్తలో వెలుతురు ఆరున్నర సెంటీమీటర్లు వెళుతుంది. బెత్తెడు కూడా లేదు! దీపం వెలిగిస్తే గదంతా ఒక్కసారే వెలుగొచ్చిందనుకునే మనం ఎక్కడ, ఆ వెలుగుని బెత్తెళ్లలో కొలుచుకునే ఈ గోరంత చిప్పు ఎక్కడ.

'నిమేషం' అంటే సంస్కృతంలో రెప్పపాటు. మన నిమిషం అక్కణ్ణుంచే వచ్చింది. అసలైన రెప్పపాటుకి సెకనులో మూడో వంతు అనుకున్నా, అంతలో ఈ చిప్పు నూట నలభై కోట్ల దెబ్బలకు పైనే కొడుతుంది. దేశంలో మనిషికొకటి.

ఏప్రిల్ 30

మొదటి పాఠం: పాత కాగితం అడగాలి.

"ఆ 10,900 ఎప్పుడు వచ్చింది?"

"కొన్నప్పుడు."

"ఎప్పుడు కొన్నావు?"

"జనవరిలో."

జనవరిలో ఇక్కడ రాత్రిళ్లు రగ్గు మీద రగ్గు కప్పుకుంటాం. ఇప్పుడు గదిలోనే ముప్పై ఎనిమిది. ఈ చిప్పుకి 95 డిగ్రీలు హద్దు. దాని దగ్గరికి వెళ్లే కొద్దీ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. చలికాలపు మార్కుల్ని ఎండాకాలపు మార్కులతో పోలిస్తే ఎలా? గుణకం తీసేసి, కంపెనీ పెట్టినట్టే ఉంచి, ఇవాళ ఇదే గదిలో మళ్లీ పరీక్ష పెట్టించాను. 10,540.

అంటే 590 మార్కుల నష్టంలో 360 ఎండ పట్టుకుపోయింది. చంటిగాడి చేతి చలవ 230.

ఒక కొత్త నోటుబుక్కు తీశాం. తేదీ, గది వేడి, చిప్పు వేడి, వోల్టేజీ, గుణకం, మార్కులు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడుసార్లు కొలిచి మధ్యది రాసుకోవాలి. వాడు నా వంక చూసిన చూపు, నేను అప్రెంటిస్‌గా మా మేస్త్రీ వంక చూసిన చూపే.

మే 1

మే డే. ఎనిమిది గంటల పని కోసం ప్రపంచమంతా గొంతు చించుకున్న రోజు. ఈ ఊరి కంపెనీలో ఆ పద్ధతి 1912లోనే పెట్టారు. మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది కూడా ఆ ఏడే, ఫిబ్రవరిలో. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఈ ఊరు గడియారం మీద పుట్టిన ఊరు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు: పెళ్లిళ్లూ తద్దినాలూ కూడా వీటి సందుల్లోనే. సోంపేట నుంచి వచ్చి ఖలాసీగా చేరిన నాన్న మొదటి బోనస్‌తో కొన్నది గోడ గడియారం. దాన్ని పది నిమిషాలు ముందుకి పెట్టేవాడు, షిఫ్టుకి ఆలస్యం కాకూడదని. అది పోయింది, తర్వాతదీ పోయింది. ఇప్పుడున్నది మూడోది, బ్యాటరీది. పది నిమిషాలు ముందు అనే ఆచారం మాత్రం పోలేదు. ఇంట్లో అందరం చూస్తూనే పది తీసేసుకుంటాం. చిన్నప్పుడు చంటిగాడికి తీసివేతలు నేర్పింది ఆ గడియారమే.

మే 3

సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ప్రాసెసర్ వేగం చూపిస్తుంది. పరీక్ష నడుస్తున్నంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. 4,650. ఫ్యాను హోరెత్తుతోంది, చిప్పు మసులుతోంది, అంకె మాత్రం కదలదు. చివరన ఒకటీ అరా తప్ప.

అక్కడ నాకు అనుమానం తగిలింది. నిప్పు మీద ఉన్న ఏ అంకె కూడా అంత నిమ్మళంగా ఉండదు. కొలిమి దగ్గర ముల్లు కదలకుండా నిలబడిందంటే రెండే అర్థాలు. ముల్లు ఇరుక్కుపోయింది, లేదా అది కొలిమిని చూడటం లేదు.

మా కంట్రోలర్ల ముఖం మీద రెండు అంకెలుండేవి. ఒకటి సెట్ పాయింట్, మనం కోరింది. రెండోది ప్రాసెస్ వాల్యూ, లోపల నిజంగా ఉన్నది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మొదటివారం సెట్ పాయింట్ చదివి, "వెయ్యి ఉంది సార్" అని చెప్పి హాయిగా టీకి వెళ్లేవాళ్లు.

"చంటీ, నువ్వు చూస్తున్నది సెట్ పాయింట్‌రా."

గుణకమూ నువ్వు పెట్టిందే, దాన్ని హెచ్చవేసి నీకే చూపిస్తోంది. పెళ్లికొడుకు జీతం పెళ్లికొడుకునే అడిగినట్టు.

మే 4

అయితే లోపలిది చూసేదెలా?

ఇంటెల్, ఏఎండీ చిప్పుల్లో రెండు లెక్కపెట్టెలు ఉంటాయట. ఒకటి మారని తాళంలో తన లెక్క తను వేసుకుంటుంది. రెండోది కోరు నిజంగా వేసిన దెబ్బల్ని మాత్రమే లెక్కపెడుతుంది. కొంతసేపు ఆగి రెండింటి నిష్పత్తి చూస్తే అసలు వేగం తెలుస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం దీన్ని ఎఫెక్టివ్ క్లాక్ అని వేరే వరసలో చూపిస్తుంది.

పరీక్ష పెట్టి చూశాం. పై వరస 4,650. కింద వరస 4,270, వణుకుతూ.

వణికేదాన్నే నేను నమ్ముతాను.

మే 5

ఆదివారం. సాయంత్రం బిష్టుపూర్ రామమందిరానికి వెళ్లేసరికి హారతి అయిపోయింది. ఈ మధ్య ఇది మూడోసారి. ఆటోవాడు నత్తనడక నడిపాడని మా ఆవిడ. ట్రాఫిక్ అని నేను.

గుడి మెట్ల మీద నాలుగైదు రకాల తెలుగు వినబడుతుంది. శ్రీకాకుళం యాస మీద హిందీ పోపు, మధ్య మధ్య బెంగాలీ కరివేపాకు. "ఏటిరా, ఛుట్టీ ఎప్పుడు?" అని ఒకాయన మనవణ్ణి అడుగుతున్నాడు.

మే 6

ఒక మీటరు నిజాయితీని ఇంకో మీటరు చెప్పాలి. థర్మోకపుల్ మీద అనుమానం వస్తే థర్మోస్ ఫ్లాస్కులో దంచిన ఐసు, నీళ్లు వేసి అందులో ముంచేవాళ్లం. సున్నా చూపించిందా, సరే. ఐసు అబద్ధం చెప్పదు.

కంప్యూటర్‌కి ఐసు ఏది? చేతి గడియారం.

చంటిగాడి చేత ఒక చిన్న ప్రోగ్రాం రాయించాను. ఒకటి కూడు. వచ్చినదానికి మళ్లీ ఒకటి కూడు. ముందు కూడిక అయితే గానీ తర్వాతది మొదలుకాదు కాబట్టి దెబ్బకొక కూడిక. ఇలా పది వేల కోట్లు. నడపగానే సున్నా సెకన్లలో అయిపోయింది! కంపైలర్ గడుసుది. కూడికలన్నీ ఎందుకని జవాబు ముందే వేసిపెట్టేసింది. దాన్ని అలా చేయనివ్వకుండా కట్టిపడేసి, ఆరు కోర్ల మీదా ఒకేసారి నడిపాం. చేతిలో ఫోను స్టాప్‌వాచ్.

4,650 నిజమైతే 21.5 సెకన్లు పట్టాలి. పట్టింది 22.9. అంటే 4,370 దగ్గర. అదే సమయంలో ఎఫెక్టివ్ క్లాక్ వరసా 4,370 దగ్గరే ఆడుతోంది. రెండు మీటర్లూ కలిశాయి. కూడికలు తేలిక పని కాబట్టి ఇంత. సినీబెంచ్ బరువు పని, అక్కడ ఇంకో వంద పడిపోతోంది.

చంటిగాడు ఒక్క నిమిషం మాట్లాడలేదు. "అయితే నేను నెలరోజులుగా చూసుకుని మురిసింది..." అన్నాడు. అవును నాయనా.

మే 7

దెబ్బలు ఎక్కడికి పోతున్నాయి?

వేడికి భయపడి వీడు వోల్టేజీ బాగా తగ్గించాడు. ఎవరో పెట్టిన వీడియో చూసి, అందులో అంకెలు ఉన్నవున్నట్టు. ఆరు కోర్లూ ఒక్కసారి పనికి దిగేసరికి అప్పటికే పల్చగా ఉన్న వోల్టేజీ ఇంకా కుంగుతుంది. ఈ చిప్పు కుంగుదలని పసిగట్టి, తప్పు లెక్క వేయడం కంటే నయమని, గడియారాన్ని ఆ క్షణానికి సాగదీస్తుంది. క్రాష్ అవదు. ఎర్రదీపం వెలగదు. పైన అంకె మారదు. పని తగ్గుతుంది, అంతే.

కూలివాడికి సగం అన్నం పెట్టి పూర్తి పని చేయమంటే ఏం చేస్తాడు? ఎదురు చెప్పడు. తట్టలు మోస్తూనే ఉంటాడు. సాయంత్రం ఇటికలు లెక్కపెట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

మే 8

పోనీ వోల్టేజీ పెంచేద్దామా? దానికీ ఒక లెక్కుంది. వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 4.3 నుంచి 4.65కి వెళ్లడానికి 1.20 వోల్టుల్ని 1.35 చేశామనుకుంటే, వేగం 8 శాతం, కరెంటు ఖర్చు 37 శాతం.

ఇరవై ఏళ్ల కిందట ఇంటెల్ తలకి తగిలిన గోడ ఇదే. 2004లో పెంటియం 4ని 3.8 దాకా తెచ్చారు. 4 గిగాహెర్ట్జ్ చిప్పు తెస్తామని ప్రకటించి, అదే ఏడు అక్టోబరులో వద్దనుకున్నారు. అప్పటి నుంచి పరుగు వేగంలో కాక కోర్ల సంఖ్యలో పడింది.

పెట్టె విప్పాం. హీట్‌సింక్ సందుల్లో ఈ ఊరి దుమ్ము మెత్తలా పట్టి ఉంది. వేలితో గీస్తే ఊడింది. నాన్న చొక్కా కాలరు గుర్తొచ్చింది. చిప్పు మీద పేస్టు ఎండి, మరిచిపోయిన చందనం గిన్నెలా పగుళ్లు తేలింది. తుడిచి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టి బిగించాం. ఓవర్‌క్లాక్ లేకుండా, అదే గదిలో, అదే వేడిలో: 10,700.

స్పీడు పెంచకుండా దులుపుడికి వచ్చిన మార్కులు 160.

మే 13

ఆంధ్రాలో పోలింగ్. సోంపేట నుంచి పెదనాన్న కొడుకు ఫోను. క్యూలో మూడు గంటలు నిలబడ్డాడట, అయినా గొంతులో పెళ్లి సందడి. మా వంతు 25న.

చంటిగాడు ఇంకో కంప్లయింటు తెచ్చాడు. సినీబెంచ్ బాగుపడింది, కాలేజీ ప్రాజెక్టు కంపైల్ అవడం మాత్రం స్నేహితుడి కంప్యూటర్ కంటే నెమ్మది, వాడిదీ ఇదే చిప్పు.

ఈసారి దొంగ వేరే చోట దొరికాడు. ర్యామ్ పట్టీలు రెండూ పక్కపక్క స్లాట్లలో, ఒకే దారి మీద కూర్చున్నాయి. రెండెడ్లనీ కాడికి ఒకే పక్కన కట్టినట్టు. పైగా 3200 అని రాసి ఉన్న పట్టీలు 2133తో నడుస్తున్నాయి. బయోస్‌లో ప్రొఫైల్ ఆన్ చేయకపోతే అంతేనట. రైజెన్‌లో కోర్లని మిగతా చిప్పుతో కలిపే దారి కూడా ర్యామ్ తాళానికే నడుస్తుంది కాబట్టి దెబ్బ రెండింతలు. ఒక పట్టీ జరిపి, ప్రొఫైల్ ఆన్ చేశాం. కంపైల్ పరుగెత్తింది. సినీబెంచ్ మార్కులు దాదాపు కదల్లేదు, దానికి ర్యామ్‌తో పెద్ద పని లేదు.

ఒక్క పరీక్షలో మార్కులు చూసి పిల్లాణ్ణి అంచనా వేయకూడదని మా చెల్లి ఎప్పుడూ అంటుంది. చంటిగాడి ఇంటర్ మార్కుల సందర్భంలో అనుకోండి.

మే 16

రాత్రి సీ షిఫ్టు వాళ్ల సైకిళ్ల చప్పుడు వింటుంటే పాత సంగతొకటి గుర్తొచ్చింది.

తొంభైల మొదట్లో మా ఆఫీసుకి కంప్యూటర్ వచ్చింది. పెట్టె మీద టర్బో అనే బటను, పక్కన రెండు వెలుగు అంకెలు. నొక్కితే 33, మళ్లీ నొక్కితే 16. స్పీడోమీటరే అనుకుని గౌరవంగా చూసేవాళ్లం. ఒకరోజు పెట్టె విప్పాల్సి వచ్చింది. వెనక చూస్తే ఆ అంకెలకి ప్రాసెసర్‌తో సంబంధమే లేదు. చిన్న చిన్న జంపర్లు ఎలా గుచ్చితే ఆ అంకె వెలుగుతుంది. 99 అని కూడా పెట్టుకోవచ్చు.

నేను 66 పెట్టి మూసేశాను. "స్పీడు బాగా పెరిగింది" అని హెడ్ క్లర్కుగారు సంతోషించారు. ఆయన రిటైరయ్యేదాకా నిజం చెప్పలేదు.

ఆ బటను అసలు పుట్టింది వేగం పెంచడానికి కాదు, తగ్గించడానికి. 1981లో ఐబీఎం పీసీ 4.77 మెగాహెర్ట్జ్‌తో వచ్చింది. దాని తాళానికి రాసిన ఆటలు వేగం ఎక్కువైతే ఆడనిచ్చేవి కావు.

మే 19

చంటిగాడికి ఓవర్‌క్లాకింగ్ పురాణం కంఠతా వచ్చు. సెలెరాన్ 300ఏ గురించి వాడు చెబుతుంటే మా నాన్న కంపెనీ తొలిరోజుల గురించి చెప్పినట్టే ఉంటుంది. 1998లో వచ్చిన చవక చిప్పు. 66ని నాలుగున్నరతో హెచ్చవేస్తే 300. బోర్డుని 100కి మారిస్తే 450. ఖరీదైన చిప్పుల పక్కన నిలబడిందట, దాదాపు సగం వేగం ఉచితం. అప్పట్లో కంపెనీలు అంత మిగిల్చేవి. ఇప్పుడు చిప్పు తనే చల్లదనం చూసుకుని ఎక్కగలిగినంత ఎక్కేస్తుంది. మనకి మిగిల్చేది గిన్నె అడుగున మాడు.

ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్జ్ దాటించినవాళ్లూ ఉన్నారు. 2022 చివర్లో మొదటిసారి. అంకె నమోదయ్యేంతసేపు బతికుంటే రికార్డు. ఆ కాసేపట్లో ఆ చిప్పు చేసిన పని ఏమిటని అడిగాను. "ఏం లేదు మావయ్యా, నిలబడింది" అన్నాడు.

మే 22

ఇవాళ వాడు చెప్పింది నన్ను పట్టుకుంది.

2013లో ఓవర్‌క్లాకింగ్ పోటీల రికార్డులు నిలిపే హెచ్‌డబ్ల్యూబాట్ వాళ్లు విండోస్ 8 మీద వచ్చిన ఫలితాలు చెల్లవన్నారు. ఎందుకంటే ఆ విండోస్ నడుస్తుండగా మూల గడియారాన్ని మారిస్తే, కంప్యూటర్ తన సెకన్లని కూడా దానితో పాటే తప్పుగా లెక్కపెట్టేది. నెమ్మదిగా నడిచే యంత్రం తన సెకనునే సాగదీసుకుని, పని త్వరగా అయిందని చెప్పేది. దొంగతనం చేయకుండానే దొంగ లెక్క. కనిపెట్టింది ఎలా? పక్కన వేరే గడియారం పెట్టి.

నా స్టాప్‌వాచ్ గురించి వాడు అప్పుడు నవ్వాడు. ఇవాళ వాడే ఈ కథ తెచ్చాడు. నేను ఏమీ అనలేదు.

మే 25

మా పోలింగ్ అయింది. పొద్దున్నే వెళ్లినా చెమట ధార. వేలికి సిరాతోనే ఇద్దరం పెట్టె ముందు కూర్చున్నాం.

పది మెట్లు. ఒక్కో మెట్టుకి వోల్టేజీ చిటికెడు పెంచి, పైవరసా కింది వరసా చూస్తూ. 4,650 దగ్గర ఏం చేసినా వేడి హద్దు తగిలింది. 4,600 కూడా నిలవలేదు. 45.5 గుణకం, 1.275 వోల్టులు దగ్గర రెండు వరసలూ కలిశాయి. పైన 4,550, కింద 4,545. పది నిమిషాల పరీక్ష పూర్తిగా, మూడుసార్లు. మధ్యది 10,980.

నోటుబుక్కులో రాశాక ఇద్దరం కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాం. నెలరోజుల పాటు తుడిచి, బిగించి, కొలిచి తెచ్చింది, జనవరి చలి ఊరికే ఇచ్చిన 10,900 కంటే 80 ఎక్కువ.

"జనవరిలో మళ్లీ చూద్దాం మావయ్యా."

మే 28

రాత్రి వాన పడింది. దల్మా కొండ కడిగినట్టు కనబడుతోంది. సాయంత్రం దోముహాని దాకా నడిచాం. ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే చోట రెండు రంగుల నీళ్లు కాసేపు పక్కపక్కనే నడుస్తాయి.

తిరిగొచ్చాక చంటిగాడు పెట్టె సర్దుకున్నాడు. వెళ్లబోతూ గోడ గడియారం చూసి, "ఎనిమిది నలభై. అంటే ఎనిమిదిన్నర" అనుకుంటూ స్కూటీ ఎక్కాడు. వాడి నోటి తీసివేత వింటూ నా ఫోనులో టైం చూశాను. ఎనిమిది ముప్పై ఆరు.

ఇంకోసారి చూశాను. గడియారం పది నిమిషాలు ముందు లేదు. నాలుగే ఉంది. బ్యాటరీ ఎప్పుడు నీరసించిందో, ఎన్నాళ్లుగా వెనకబడుతోందో. మేము మాత్రం చూసినప్పుడల్లా పది తీసేస్తూనే ఉన్నాం. ముప్పై ఏళ్లు ఊరందరి మీటర్లకీ ఐసు పెట్టినవాణ్ణి, నా నడింట్లో వేలాడుతున్నదాన్ని ఒక్కనాడు తనిఖీ చేయలేదు.

మా ఆవిడకి చెప్పక తప్పలేదు. ఒక్క క్షణం లెక్కేసుకుంది.

"అయితే హారతి అందకపోవడం ఆటోవాడి తప్పు కాదన్నమాట."

స్టూలు వేసుకుని గడియారం దించాను. కొత్త బ్యాటరీ వేశాను. సరైన టైం పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది. "వద్దు. పది ముందుకే పెట్టండి. పిల్లలందరికీ అలవాటు, ఉన్నట్టుండి మారిస్తే అందరూ రైళ్లు తప్పుతారు."

పది ముందుకే పెట్టాను. వెనక ఒక కాగితం ముక్క అతికించాను, ప్లాంటులో మీటర్లకి అతికించినట్టే: 28-5-2024. పది నిమిషాలు ముందు. ఫోనుతో సరిచూసినది. మళ్లీ చూడవలసినది: నవంబరు.

కింద సంతకం కూడా పెట్టాను.